క్లోరిన్ ఒర్రెలోకి దిగిన పొద్దు

1987 చలికాలం. మందమర్రికి కొంత దూరంలో ఉన్న ఒక బొగ్గు గనుల కాలనీలో, ఫిల్టర్ బెడ్‌లో నేను లేబొరేటరీ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. ఫిల్టర్ బెడ్ అంటే వాగులోంచి తోడిన నీళ్ళను పటికతో తేర్చి, ఇసుక పొరల్లో వడగట్టి, చివర క్లోరిన్ కలిపి నల్లాలకు వదిలే చోటు. నల్లా తిప్పితే నీళ్ళు వస్తాయని కాలనీలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ నీళ్ళ వెనక ప్రాణాలు తీయగల వాయువు ఒకటి ఉందని మాత్రం చాలామంది పెద్దలకు తెలియదు. వాళ్ళకు తెలియకుండా రోజు గడిచిందంటే మన పని బాగున్నట్టేనని మా ఆపరేటర్ సత్తయ్యన్న అనేవాడు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను చెప్పబోయే సంగతిలో ఎవరూ చనిపోలేదు. పుస్తకం చదివేటప్పుడు కూడా ఆఖరి పేజీ ముందు చూసుకొని, అందరూ బతికే ఉన్నారని తేల్చుకున్నాకే మొదటి పేజీ తిప్పే మనిషిని నేను. ఇంకొకరి గుండెను ఉగ్గబట్టించి కథ చెప్పడం నాకు నచ్చదు.

నా పని చూడడానికి చాలా చిన్నది. పొద్దున్నే కాలనీ నల్లాల దగ్గర చిన్న గాజు గొట్టాల్లో నీళ్ళు పట్టి, ఆర్థోటాలిడిన్ అనే మందు కొన్ని చుక్కలు వేసేదాన్ని. నీళ్ళు లేత పసుపు రంగుకు తిరిగితే క్లోరిన్ తగినంత ఉన్నట్టు. రంగు రాకపోతే గొట్టంలో ఎక్కడో మురికి కలుస్తున్నట్టు. "మా కోడలు సర్కారు జీతం తీస్కొని నీళ్ళల్ల పసుపు కలుపుతది, పెండ్లి పిల్ల లెక్క" అని మా మామ వచ్చిపోయేవాళ్ళందరికీ చెప్పేవాడు. నీళ్ళకు మందు వాసన వస్తున్నదని ఆడవాళ్ళు నాతో జగడానికి వచ్చేవారు. వాసన వస్తే సంతోషించండి, రానినాడు నా దగ్గరికి రండి అని నేనూ గట్టిగానే చెప్పేదాన్ని. వాంతులు విరేచనాలతో పిల్లల్ని భుజాన వేసుకొని డిస్పెన్సరీకి పరుగెత్తిన పాత రోజులు ఆ ఆడవాళ్ళకే బాగా గుర్తు. అయినా వాసన మాట వచ్చేసరికి మరిచిపోయేవారు.

క్లోరిన్ గురించి నాలుగు ముక్కలు ఇక్కడే చెప్పాలి, లేకపోతే ఆనాటి సంగతి అర్థం కాదు. అది ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు వాయువు. బ్లీచింగ్ పౌడర్ డబ్బా మూత తీస్తే ముక్కుకు తగిలే ఘాటు దానిదే. కాగితపు మిల్లులో గుజ్జును తెల్లబరచడానికి, బట్టల మిల్లులో చలువ చేయడానికి, ప్లాస్టిక్ గొట్టాలు చేయడానికి, మందుల తయారీకి అది కావాలి. నీళ్ళలో చిటికెడంత కలిస్తే క్రిములను చంపుతుంది. గాలిలో కలిసి మన ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడి తడిలో ఆమ్లంగా మారి లోపలి పొరను కాలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, అది గాలికన్నా రెండున్నర రెట్లు బరువు. పొగలాగా పైకి లేవదు. నీళ్ళలాగా పల్లానికి పారుతుంది, గుంటలో నిలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో దాక్కున్న సిపాయిల మీదికి దీన్నే వదిలారని కరీంనగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు మా సారు చెప్పాడు. పరీక్షలో రాయడానికి పనికొస్తుందని గుర్తుపెట్టుకున్నాను.

మాకు క్లోరిన్ టన్నర్లలో వచ్చేది. టన్నర్ అంటే మనిషి నడుము ఎత్తున అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఇనుప పీపా. లోపల వాయువును ఒత్తిడితో ద్రవంగా మార్చి నింపుతారు. ఆ ద్రవం ఒక్క చెంబెడు బయటపడితే నాలుగు వందల చెంబులకు మించిన వాయువుగా ఉబ్బుతుంది. అందుకని టన్నర్‌కు చిల్లు పడితే, ఆ చిల్లు పైవైపు ఉందా అడుగువైపు ఉందా అన్నదే మొదటి ప్రశ్న. పైన ఉంటే వాయువు మాత్రమే వస్తుంది. అడుగున ఉంటే ద్రవమే కారుతుంది. ఈ సంగతులన్నీ క్లోరిన్ గది గోడ మీద ఇంగ్లీషు బోర్డులో రాసి ఉండేవి. గోడ కూడా బోర్డు కూడా ఒకే రంగుకు వచ్చేదాకా మేం దాన్ని చదవకుండానే దాని ముందు నుంచి తిరిగాం.

ఇక మా మామ. ఆయన పేరు యాకోబు. ఈ పేరు ఇక్కడ ఇంత తేలికగా రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో నా నోటివెంట వచ్చేది కాదు. మాది సుల్తానాబాద్ దగ్గర పల్లె. మా వైపు కోడళ్ళు మామ పేరు పలకరు, చర్చికి పోయే ఇళ్ళల్లో కూడా. మా పంపుహౌస్‌లో ఇంకో యాకోబు ఉండేవాడు. ఆయన్ని నేను "పంపన్నా" అని పిలిచేదాన్ని. బైబిలు చదివేటప్పుడు ఆ పేరు వస్తే గొంతు తగ్గించేదాన్ని. మా ఆయన పాల్ దీన్ని పట్టుకొని నన్ను ఏడిపించని ఆదివారం లేదు.

మామ గనిలో సర్దారు చేసి రిటైరయ్యాడు. సర్దారు అంటే ఒక జట్టు కార్మికులకు పెద్ద. పనిస్థలానికి అందరికన్నా ముందు ఆయన పోయి, చేతిదీపం పైకెత్తి కప్పు దగ్గర గ్యాసు ఉందో లేదో చూసి, సరేనంటేనే మిగతావాళ్ళు అడుగుపెట్టాలి. బొగ్గులోంచి ఊరే మీథేన్ గాలికన్నా తేలిక, కప్పుకు పట్టుకొని ఉంటుంది. ఒకనాడు అది భగ్గున అంటుకుంటే, మామ తన జట్టునంతా నేలకు బోర్లా పడుకోబెట్టి, పాక్కుంటూ బయటికి తెచ్చాడట. మంట వాళ్ళ వీపుల మీదుగా పోయింది. ప్రతి ఏడూ కొత్త సంవత్సరం ఆరాధనలో ఆయన ఇదే సాక్ష్యం చెప్పేవాడు. గండం గడిచినవాళ్ళు సంఘం ముందు లేచి దాన్ని చెప్పుకోవడం మా చర్చిలో ఆచారం. "గ్యాసున్నకాడ నెత్తి లేపినోడు పోయిండు, మన్ను కరిసినోడు బతికిండు" అని ఆయన ముగించే మాటను ముందు వరసలో పిల్లలు పెదవులు కదుపుతూ ఆయనతో పాటే అనేవారు. కాలనీలో ఆ మాట వేదవాక్కు.

ఫిల్టర్ బెడ్ మిట్ట మీద ఉండేది. కింద, పల్లంలో, మా క్వార్టర్ల వరసలు, వాటినే లైన్లంటాం. క్వార్టర్లను ఆనుకొని ఒర్రె. ఒర్రె అంటే వానకాలం పారి చలికాలానికి ఎండిపోయే చిన్న కాలువ. దాని మీద రోడ్డు కోసం కట్టిన కల్వర్టు. ఒర్రెకు అవతల, పక్కగా, గనిలోంచి తీసిన రాళ్ళూ పొల్లూ పోసి పోసి పెరిగిన రాళ్ళగుట్ట.

ఆ పొద్దు పొగమంచు ఇంకా విడలేదు. పాల్ మొదటి షిఫ్టుకు గనిలోకి దిగాడు. మా అత్త మార్తమ్మ చుట్టాల పెండ్లికని ఇచ్చోడ పోయింది. నాలుగేళ్ళ మా పాప రూతును బొగ్గు పొయ్యి దగ్గర చలి కాచుకుంటున్న మామకు అప్పజెప్పి నేను డ్యూటీకి వెళ్ళాను. గాజు గొట్టాలు కడుగుతుంటే ముక్కులో సూదులు గుచ్చినట్టయింది. అది రోజూ ఉండే వాసన కాదు. బయటికి వచ్చేసరికి సత్తయ్యన్న క్లోరిన్ గది వైపు నుంచి దగ్గుతూ వస్తున్నాడు.

"సుగుణమ్మా, గాలికి ఎదురుగ నిలవడు. టన్నర్ లీకైంది."

మాస్కు పెట్టుకొని, కర్రకు చుట్టిన దూదిని అమ్మోనియాలో ముంచి ఆయన మళ్ళీ లోపలికి పోయాడు. క్లోరిన్ ఎక్కడ కారుతుంటే అక్కడ అమ్మోనియా తగిలి తెల్లటి పొగ లేస్తుంది. కంటికి కనబడని చిల్లును పట్టుకోవడానికి అదే మార్గం. బయటికి వచ్చి మాస్కు ఎత్తి చెప్పాడు. వాడకంలో లేని నిండు టన్నర్. దాని మూతకు ఫ్యూజిబుల్ ప్లగ్ అని మెత్తటి లోహపు బిరడా ఉంటుంది, టన్నర్ వేడెక్కితే అది కరిగి ఒత్తిడి తగ్గిస్తుంది. అలాంటి ఒక బిరడా తుప్పు తిని వదులైంది.

"పైనా, కిందనా?" అని అడిగాను.

"కింద" అన్నాడు. అంటే కారుతున్నది ద్రవమే.

అప్పుడే హెల్పర్ ఖాజా నీళ్ళ పైపు లాక్కొస్తున్నాడు. సత్తయ్యన్న వాడి మీద ఒక్క కేక వేశాడు. "నీళ్ళు కొట్టకు ర! నీళ్ళు తాకితే తేజాబ్ అయితది. గా తేజాబ్ ఇనుమును తిని తూటు పెద్దగ చేస్తది. పైపు ఆడ పారేసి మాస్కు పెట్టుకో. ఇద్దరం కలిసి టన్నర్‌ను దొర్లిద్దాం, తూటు మీదికి రావాలె. మీదికొస్తే సగం పీడ పోయినట్టే." తేజాబ్ అంటే ఆమ్లం, తూటు అంటే చిల్లు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు లైన్లకు పో బిడ్డా. ఒర్రెల ఎవ్వలు ఉండొద్దు. గాలి ఎటున్నదో చూస్కొని పో" అన్నాడు.

గాలి ఎటుందో చూడ్డానికి మా కాలనీలో యంత్రం అక్కర్లేదు. పొద్దున పూట ప్రతి క్వార్టర్ ముందూ ఒక బొగ్గు పొయ్యి రాజుకుంటుంది. మిట్ట మీద నిలబడి చూశాను. పొగలన్నీ ఒక్క తీరుగా ఒర్రె వైపు వంగి ఉన్నాయి. చలికి పైకి లేవలేక నేలను పట్టుకొని పాకుతున్నాయి. మిట్ట దిగుతున్న పలచని పసుపుపచ్చ మంచు కూడా అదే దారి పట్టింది. పొగ వంగిన వైపు పోకూడదు, దానికి అడ్డంగా పోవాలి. అంటే అందరూ ఎక్కాల్సింది రాళ్ళగుట్ట.

ఈలోపు గేటు దగ్గర ఎవరో సైరన్ మోగించారు. మంచికే మోగించారు, గానీ షిఫ్టు వేళ కాని వేళ సైరన్ మోగితే గనుల ఊళ్ళో దానికి ఒకటే అర్థం, గనిలో ప్రమాదం. ఆడవాళ్ళు చేతిలో పని అక్కడే వదిలేసి బయటికి వచ్చారు. "గ్యాసట! గ్యాసు!" అన్న మాట వరసలన్నీ పాకింది. భోపాల్ సంగతి విని అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. కొందరు రోడ్డు పట్టుకొని పరుగెత్తారు. మిగతావాళ్ళు ఇలాంటప్పుడు ఎవరి మాట వినాలో వాళ్ళ మాటే విన్నారు.

నేను పొగకు అడ్డంగా చుట్టు తిరిగి ఒర్రె ఒడ్డుకు చేరేసరికి కల్వర్టు కింద వరసగా జనం. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, రాత్రి షిఫ్టు చేసి పడుకోబోతున్న మగవాళ్ళు కొందరు. మూతులకు తడిగుడ్డలు కట్టుకొని ఇసుకలో బోర్లా పడుకొని ఉన్నారు. ముందు మా మామ. ఆయన చంక కింద రూతు.

నా ప్రాణం అక్కడే పోయింది. మా సారు చెప్పిన కందకం కథ నా కళ్ళ ముందు ఇసుకలో పడుకొని ఉంది, అందులో నా బిడ్డ ఉంది. పైనుంచి పసుపు మంచు ఒర్రె మలుపు దాకా వచ్చేసింది.

"మామా! లేవుండ్రి! ఆడ ఉండొద్దు, పైకి రాండ్రి!"

ఆయన తల కొంచెం ఎత్తి నన్ను చూసి అదిరిపోయాడు. "నువ్వు గాడ నిలవడకు బిడ్డా! వంగు! నెత్తి లేపకు, గ్యాసు మీదికెల్లి వస్తది!"

"గీ గ్యాసు మీదికెల్లి రాదు మామా! కిందికే వస్తది!"

"నాకు చెప్తవా? ముప్పై ఏండ్లు గ్యాసు కిందనే బతికిన. పండు, పండు!" అని తల దించేసుకున్నాడు. నా మాట విని లేవబోయిన ఒకామె ఆయన్ని చూసి మళ్ళీ పడుకుంది. ఆమెను తప్పుపట్టలేను. నీళ్ళలో చుక్కలేసే దాని మాట ఎక్కడ, సర్దారు మాట ఎక్కడ! అప్పుడే ముందు వరసలో ఎవరికో దగ్గు మొదలైంది. దాని వెంట సన్నగా ఇంకో దగ్గు. ఆ రెండోది నాకు తెలిసిన దగ్గు.

తర్వాత నేను చేసిన పనిని ఆలోచించి చేశానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. నాలో ఉన్న భయమంతా గొంతులోకి వచ్చింది.

"యాకోబ్ సర్దార్!"

కల్వర్టు కింద ఆ పేరు గింగురుమంది. ఆయన తల దిగ్గున లేచింది. మా ఆయన కూడా ఇంట్లో అంత గొంతు ఎత్తడు. షిఫ్టు ఆఫీసరు తప్ప మామను అలా పిలిచినవాళ్ళు లేరు.

"ఇది కప్పుకు పట్టే గ్యాసు కాదు సర్దార్! పాత గనిల అడుగున నిలిచేది! దీపం కిందికి దించితే ఆరిపోతది సూడు, గా తీరుది! అడుగు పట్టేది!"

ఈ మాట నాకు ఎక్కడిదంటే, ఆయన దగ్గరిదే. మూసేసిన పాత గనుల్లో నేలబారున ఇంకో రకం చెడుగాలి నిలుస్తుంది. దీపాన్ని కిందికి దించితే కొండెక్కిపోతుంది. అక్కడ వంగినవాడు లేవడు. రూతును నిద్రపుచ్చడానికి ఆయన చెప్పే కథల్లో రాక్షసుడు అదే. తలుపు అవతల గిన్నెలు తోముకుంటూ ఎన్నిసార్లు విన్నానో.

ఆయన ముఖం మారడం చూశాను. ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఒక్క క్షణం ఒర్రె మలుపు వైపు చూశాడు. పసుపు మంచు ఇసుకను నాకుతూ వస్తున్నది. అంతే, నన్ను ఇంకో ప్రశ్న అడగలేదు. రూతును ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకొని లేచి నిలబడ్డాడు.

"లేవుండ్రి! అందరు లేవుండ్రి! అడుగు గ్యాసు, అడుగు గ్యాసు! పిల్లలను నెత్తి మీదికి ఎత్తుకోండ్రి! ఎటు పోవాలె బిడ్డా?"

"రాళ్ళగుట్ట! ఉరకొద్దు, బిరబిర నడువుండ్రి. ఒర్రొద్దు, మాట్లాడొద్దు!" పరుగెత్తితే, అరిస్తే ఊపిరి ఎక్కువ పీలుస్తాం, విషం ఎక్కువ పోతుంది. ఇంతసేపూ గొంతు చించుకున్న నేనే ఆ మాట చెప్పడం తర్వాత తలుచుకుంటే నవ్వొచ్చింది.

గనిలో పనిచేసిన జనానికి ఒక గొప్ప గుణం ఉంది. ఎందుకని అడగరు. ఆజ్ఞ వచ్చిందంటే కదులుతారు. నన్ను లెక్కచేయని వాళ్ళంతా ఆయన గొంతుకు ఒక్కసారిగా లేచారు. ఒకరి కొంగు ఒకరు పట్టుకొని, ముసలివాళ్ళను రెక్క పట్టి లేపి, ఒడ్డెక్కి పక్కగా గుట్ట దారి పట్టారు. మామ అందరికన్నా వెనక నిలబడి, ఆఖరి మనిషి ఒడ్డెక్కాకే తానూ ఎక్కాడు. ఆయన భుజాల మీద రూతు ఏడుస్తూ, దగ్గుతూ, తాత జుట్టు రెండు చేతులా పట్టుకొని ఉంది. ఏడుపు వినబడుతున్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉంది.

గుట్ట మీద గాలి శుభ్రంగా, చల్లగా తగిలింది. అక్కడి నుంచి చూస్తే కల్వర్టు కింద మేం వదిలిన చోటంతా పసుపు రంగులో మునిగి ఉంది. ఎవరిదో బర్రె తాడు తెంపుకొని తనంతట తనే మా పక్కన గుట్ట ఎక్కి నిలబడింది. "మనకన్న గదే నయం, ఎవ్వలు చెప్పకున్న ఎక్కింది" అని ఒక ముసలమ్మ అంటే దగ్గుల మధ్యనే అందరం నవ్వాం. అది సంతోషమో, వణుకో నాకిప్పటికీ తెలియదు.

రోడ్డు వెంట పరుగెత్తిన వాళ్ళు మలుపు దగ్గర దారి మళ్ళి మందమర్రి వైపు పోయారని, క్షేమంగా ఉన్నారని తర్వాత కబురొచ్చింది. ఫిల్టర్ బెడ్ మీద సత్తయ్యన్న, ఖాజా టన్నర్‌ను రోలర్ల మీద దొర్లించి చిల్లును పైకి తెచ్చారు. ద్రవం కారడం ఆగి వాయువు సన్నబడింది. దాని మీద ఇనుప టోపీ లాంటి మూత బిగించి, టన్నర్‌ను సున్నపు నీళ్ళ గుంటలోకి దించారు. సున్నం క్లోరిన్‌ను తనలో కలుపుకొని బ్లీచింగ్ లాంటి పదార్థంగా మార్చి దాని కోరలు పీకేస్తుంది. ఎండ వచ్చి మంచు విడిచేసరికి ఒర్రెలో పసుపు చెరిగిపోయింది. ఒడ్డున గడ్డి మాత్రం తెల్లగా ఉడికినట్టయింది.

దగ్గుతున్నవాళ్ళను డిస్పెన్సరీకి నడిపించాం. కళ్ళు మంచినీళ్ళతో బాగా కడిగారు, పిల్లలకు, ఆయాసం ఉన్నవాళ్ళకు ఆక్సిజన్ పెట్టారు. రూతును, ఇంకొందరిని ఆ రాత్రికి అక్కడే ఉంచమని డాక్టరమ్మ చెప్పింది. క్లోరిన్ పీల్చినవాళ్ళు మొదట బాగానే ఉన్నట్టు కనబడి, కొన్ని గంటలకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసపడొచ్చు. అందుకే దగ్గు తగ్గింది కదా అని ఇంటికి పంపకూడదు. ఇది చదువుకున్న విషయమే అయినా, మంచం పక్కన కూర్చున్న తల్లికి చదువు ఏ మూలకూ రాదు. పాప ఛాతీ లేస్తున్నదా, దిగుతున్నదా అని చూస్తూ కూర్చున్నాను. గనినుంచి నేరుగా వచ్చిన పాల్ బొగ్గు ముఖంతోనే నా పక్కన కూర్చున్నాడు. తెల్లారి రూతు కళ్ళు తెరిచి, మా వైపు పిల్లలు తల్లిని పిలిచినట్టే, "అవ్వా, సర్వపిండి కావాలె" అంది. నేను ఏడవడం మొదలుపెడితే, అడిగినందుకు తిడతాననుకొని, "పోనీ తియ్, అన్నమన్న పెట్టు" అంది. హాయి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

ఇచ్చోడ నుంచి పరుగున వచ్చిన మా అత్త మనుమరాలిని తడిమి చూసుకొని, దేవునికి దండం పెట్టి, ఆపైన నా వైపు తిరిగింది. కాలనీ అంతా అప్పటికే ఆమె చెవిన వేసింది.

"అందరి ముంగట మామను పేరు వెట్టి పిలిచినవట?"

"పిలిచిన అత్తమ్మా."

"గ్యాసు వాసన ఒక్క దినంల పోతది. ఇది పోతదా?" అంది. ఆ కోపంలో ఎంత నిజమో, ఎంత ఆటో ఆమె ముఖంలో ఎప్పుడూ తెలియదు. మామ మంచం మీద కూర్చొని గోడను చూస్తున్నాడు. ఆ వారమంతా ఆయన నాతో ఎక్కువ మాట్లాడలేదు. సిగ్గుపడ్డాడా, కోపమొచ్చిందా, లేక ఆ కల్వర్టు కిందనే ఇంకా ఉన్నాడా అర్థం కాక నేను గిన్నెల చప్పుడు కూడా తగ్గించుకొని తిరిగాను.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ ఆయన లేచాడు. "గా దినం గనిల గ్యాసు అంటుకున్నప్పుడు..." అని మొదలుపెట్టగానే ముందు వరస పిల్లలు అలవాటుగా పెదవులు సిద్ధం చేసుకున్నారు. ఆయన మధ్యలో ఆగిపోయాడు.

"గా సాక్ష్యం ఇగ చెప్ప" అన్నాడు చివరికి. "గది అబద్ధం కాదు. గానీ అది ఒక్క తీరు గ్యాసుకే. నేను అన్నిటికీ గదే అనుకున్న. మొన్న నా మనుమరాలిని నా చేతులతోనే తీస్కపోయి సావు నోట్ల పండబెట్టిన. మిమ్ముల గూడ పండబెట్టిన. మీరు నా మాట ఇన్నరు." ఆయన నేను కూర్చున్న వైపు చెయ్యి చూపాడు. "మా కోడలు మామా మామా అని పిలిస్తే నేను లేవలే. పేరు వెట్టి పిలిస్తే లేచిన."

ఎవరో కిసుక్కున నవ్వారు. మా అత్త కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను నేలలోకి దిగిపోదామనుకొని, మళ్ళీ నేల మంచిది కాదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి" అన్నాడు మామ. "దేవుడు మనిషిని పేరు వెట్టి పిలుస్తడని చిన్నప్పటిసంది ఇంటున్న. గాయన గొంతు మా కోడలి గొంతు లెక్క ఉంటదని మాత్రం నాకెర్కలే."

ఆ రోజు చర్చిలో నవ్వినంతగా, ఏడ్చినంతగా నేను ఇంకెప్పుడూ నవ్వలేదు, ఏడవలేదు.

తర్వాత తుప్పు పట్టిన టన్నర్లను ముందే చూసి పక్కన పెట్టే పద్ధతి వచ్చింది. గది గోడ మీద ఇంగ్లీషు బోర్డు పక్కన తెలుగులో ఇంకో బోర్డు పెట్టించాం. దాని మీద మాటలు మామవే: "కప్పు గ్యాసుకు కిందికి, అడుగు గ్యాసుకు పైకి. పొగ చూసి పక్కకు." క్లోరిన్ గురించి నేను చదివినవన్నీ ఆ పొద్దు కూడా నా దగ్గరే ఉన్నాయి, అవి ఒక్కరినీ ఒర్రెలోంచి లేపలేదు. తలుపు చాటున విన్న ఒక దీపం కథ లేపింది. అప్పటినుంచి ఎవరికైనా జాగ్రత్త చెప్పాల్సి వస్తే, వాళ్ళకు ఇదివరకే ఏం తెలుసో ముందు అడిగి, అక్కడి నుంచి మొదలుపెడతాను. నా ఉద్యోగమంతటిలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం అదే.

మామను మళ్ళీ ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, పిలవాల్సిన అవసరం రాలేదు. గానీ ఆయన పోయేదాకా, రోజూ పొద్దున నేను డ్యూటీకి బయలుదేరుతుంటే బొగ్గు పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తకుండానే అడిగేవాడు.

"ఏం బిడ్డా, గాలి ఎటున్నది?"

నేను వాకిట్లో నిలబడి పొగ వైపు చూసి జవాబు చెప్పేదాన్ని. ఆయన రూతును తీసుకొని, పొయ్యికి పొగ రాని వైపు జరిగి కూర్చునేవాడు.